తలుపుకి చెప్పిన కబుర్లు

అమ్మ క్షయ వ్యాధి మీద ముప్పై అయిదేళ్లు పరిశోధన చేసింది. సాయంత్రం గుమ్మంలో అడుగుపెడుతూనే చేతులు వెనక్కి కట్టుకుని, "అక్కడే ఆగండి! ముట్టుకోకండి!" అని అరిచేది. ల్యాబులోనే కోటు విప్పి, చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చేది. అయినా స్నానం చేస్తేగానీ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

నేనూ తమ్ముడూ స్నానాలగది తలుపుకి వీపు ఆనించి కూర్చుని, బడి కబుర్లన్నీ ఆ తలుపుకే చెప్పేవాళ్లం. నీళ్ల చప్పుడు మధ్య లోపల్నుంచి "ఊఁ, ఆ తర్వాత?" అని వినిపించేది.

ఆ క్రిముల మీద నాకెంత ఒళ్లు మండేదో! పగలంతా వాటికి తిండి పెట్టి, వెచ్చగా చూసుకునే మనిషి, మా దగ్గరికొచ్చేసరికి ఆమడ దూరం.

"నీకు అవెక్కువా, మేమెక్కువా?" అని ఓసారి నిలదీశాను.

"అవి నెమ్మదిగా పెరుగుతాయే. మీరే, చూస్తుండగానే పెరిగిపోతున్నారు," అంది.

రిటైరైన రోజు పూలగుత్తి పట్టుకుని మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. అలవాటుగా స్నానాలగది వైపు నడిచి, సగం దారిలో ఆగింది.

"ఇవాళ నన్ను ల్యాబు తలుపు కూడా తియ్యనివ్వలేదే," అంటూ నా వైపు చేతులు చాపింది.

నాకు నలభై దగ్గరపడ్డాయి. అయినా తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను.

అమ్మ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. నేను తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను.

"ఊఁ, చెప్పు," అంది లోపల్నుంచి.