పెళ్ళిచీరని నల్లగా మార్చిన నా ప్లస్ గుర్తు

మొన్న నేను ఒక పెళ్ళికూతురికి నల్లచీర కట్టించానండీ! అదీ చర్చిలో, పాస్టరుగారి ఎదుట. నవ్వకండి, చివరిదాకా వింటే మీరే నన్ను మెచ్చుకుంటారు.

రాజమండ్రిలో మా అన్నయ్యకి పెళ్ళి వీడియోల షాపుంది కదా. చీకటిగా వచ్చిన వీడియోల్ని వెలుతురుగా చేసే ప్రోగ్రామ్ అక్కడ నాదే. సొంతంగా రాశాను! బొమ్మలో ప్రతి చుక్క వెలుగూ ఒక అంకే, దానికి ఇంకొంత కూడితే బొమ్మ వెలుతురవుతుంది. ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా ఒకేసారి లెక్కకట్టే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు ప్రాసెసర్‌లో ఉంటాయి. అవి వాడాను కాబట్టే అంత స్పీడు. ఈ మాట అన్నయ్యకి రోజూ గుర్తుచేస్తూనే ఉంటాను.

ఈ మధ్య అన్నయ్య కొత్త కంప్యూటర్ కొన్నాడు. రాసిన ప్రోగ్రామ్‌ని ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్ కొత్త వెర్షన్ వేసి నా ప్రోగ్రామ్ పెడితే ఎర్రర్లే ఎర్రర్లు! ఆ ఇన్‌స్ట్రక్షన్లని పిలవడానికి కంపైలర్‌లోనే ఉండే బిల్టిన్ ఫంక్షన్లు కొన్నిటిని కొత్త వెర్షన్‌లో తీసేశారట. కూడిక కావాలంటే మామూలు ప్లస్ గుర్తు పెట్టుకోవచ్చట.

"సాయంత్రం తణుకువాళ్ళు వస్తారే. పెళ్ళికూతురు సీడీ తీసుకుని అట్నుంచటే రైలెక్కి అత్తారింటికి వెళ్ళిపోతుంది. అవుతుందా?" అన్నాడు అన్నయ్య.

"టీ తాగేలోపు చేసేస్తాను చూడు!"

కూడిక కనిపించిన ప్రతిచోటా ప్లస్ పెట్టేశాను. మబ్బురోజున పట్టిసీమలో తీసిన మా ఇంటి వీడియో మీద టెస్ట్ చేశాను. గోదారి, పడవ, అమ్మ, అంతా తళతళ! పెళ్ళి వీడియోని దానికి అప్పజెప్పి దర్జాగా టీకి వెళ్ళాను.

సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చున్నారు. చర్చి తలుపు తెరుచుకుంది. పెళ్ళికూతురు నడిచొస్తోంది... నల్లచీరలో!

పెళ్ళికూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ అమ్మమ్మగారు మాత్రం నిలదీశారు.

"మేం కొన్నది తెల్లచీరండీ! ఈ నల్లచీర ఎవరిదండీ?"

అన్నయ్య నన్ను మింగేసేలా చూశాడు. అప్పుడు వెలిగింది నాకు. తీసేసిన ఫంక్షన్లలో ఒకటి మామూలు కూడిక కాదు. గ్లాసు నిండాక ఇంకా పోసినా నిండుగానే ఉంచే రకం. నా ప్లస్ గుర్తేమో నిండిన గ్లాసుని ఖాళీ చేసి మళ్ళీ మొదట్నుంచీ పోస్తోంది! అందుకే తెలుపు హద్దు దాటగానే నలుపైపోయింది. మబ్బు పట్టిన పట్టిసీమలో అంత తెలుపెక్కడిది?

"కంగారుపడకండి అమ్మమ్మగారూ, చీర ఇప్పుడే తెల్లగా చేసేస్తాను," అన్నాను. తప్పు నాదే అయినా నోరు మాత్రం తగ్గలేదు! హద్దు దగ్గర ఆగే కూడిక కంపైలర్‌లో వేరే పేరుతో ఉంది. వెతికి పట్టుకుని, ప్లస్ తీసేసి దాన్ని పెట్టాను. మళ్ళీ నడిపాను. ఏం స్పీడండీ! రైలు టైముకి ముందే సీడీ చేతిలో పెట్టాను.

పెళ్ళికూతురు నవ్వింది. అమ్మమ్మగారు టీవీ దగ్గరికెళ్ళి మరీ చూశారు.

"ఏ సబ్బు పెట్టావమ్మా? కొన్నప్పటికంటే తెల్లగా ఉంది!"

నా గర్వం చూడాలి మీరు! ఇంటికెళ్ళి అమ్మకి ఇదంతా నటించి మరీ చూపించాను. అమ్మ ఓపిగ్గా వింది.

"ఊళ్ళోవాళ్ళ చీరలు బాగానే ఉతుకుతున్నావు. పెరట్లో నీ బట్టలు మొన్నట్నుంచి బకెట్లో నానుతున్నాయి. వెళ్ళి వాటి సంగతి కూడా చూడు!"

వెళ్ళానండీ. ఆ బకెట్‌కి వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు. అన్నీ ఒక్కొక్కటిగానే ఉతుక్కున్నాను!