ఇద్దరికీ సరిపోయే సెంటు

కరీంనగర్‌లో బస్టాండుకు దగ్గరి సందులో నాకొక చిన్న సెంట్ల దుకాణం ఉంది. ఎడమ పక్క అరల్లో ఆడవాళ్ల సీసాలు, కుడి పక్క మగవాళ్లవి. మధ్యలో, నా కుర్చీకి ఎదురుగా, ఎవరైనా వాడగలిగేవి కొన్ని పెడతాను. వాటిలో ఒక నల్ల సీసా గురించి, దాని విషయంలో నేను చేసిన తప్పు గురించి చెప్పాలి.

అది పూల సెంటే. కానీ మూత తీయగానే పూలు రావు. ముందు నిమ్మతొక్క గిల్లినట్టు చిరుచేదు. కాసేపటికి సంపెంగ, దాని వెనక మల్లె. సాయంత్రానికి పూలు తగ్గిపోయి, తడిసిన వట్టివేరు వాసన ఒక్కటే ఒంటి మీద మిగులుతుంది. ఆ వాసనకు ఒక మనిషిని ఊహించుకోమంటే, అడిగినదానికే జవాబిచ్చే మనిషి, ఇచ్చేటప్పుడు మాత్రం కళ్లలోకి చూసి ఇచ్చే మనిషి అని చెబుతాను. ఆడో మగో చెప్పలేను.

అలాంటి మనిషే ఒకామె దాన్ని కొన్నది. ముప్పై అయిదేళ్లుంటాయి. దగ్గరలోని ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షల గదిలో పని. చొప్పదండి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేది. మొదటిసారి వచ్చినప్పుడు నేను అలవాటుగా ఎడమ అర వైపు చెయ్యి చాపాను.

"తియ్యటియి వద్దక్కా," అన్నది. "పొద్దంత చేతులకు స్పిరిట్ వాసనే. జర గట్టిగ నిలిచేది ఉంటే చూపియ్యి."

నల్ల సీసాలోది మణికట్టు మీద కొట్టుకుని, బయటికి పోయి చాయ్ తాగి, అరగంట తర్వాత మళ్లీ వాసన చూసుకుంటూ వచ్చి కొనుక్కుంది. అంత ఓపికగా సెంటు కొనేవాళ్లు తక్కువ.

రెండు నెలలకు అదే దవాఖానలో ఎక్స్‌రేలు తీసే అతను వచ్చాడు. "మా రక్తపరీక్షల మేడం కొట్టుకునేది ఇక్కడ్నే దొరుకుతదని చెప్పింది. మగోళ్లు గూడ కొట్టుకోవచ్చా?" అని అడిగాడు. కొట్టుకోవచ్చని ఇచ్చాను. అందులో ఆలోచించాల్సింది ఏమీ కనపడలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఇంకొకతను వచ్చాడు. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం, నెమ్మదైన గొంతు. సంచిలోంచి పాత పేపర్లో చుట్టిన నల్ల సీసా తీసి గాజుబల్ల మీద పెట్టాడు. దాని అడుగున నా దుకాణం చీటీ అంటించి ఉంది.

"ఇది ఆడోళ్లదా, మగోళ్లదా?"

"ఇద్దరు కొట్టుకోవచ్చన్నా."

"మా ఇంటామె బ్యాగుల దొరికింది. ఆమె రక్తపరీక్షల కాడ చేస్తది. నిన్న తోలుకపోదామని దవాఖానకు పోతే, ఎక్స్‌రే తీసేటోని మీద గూడ ఇదే వాసన." అంటూ అతను గుమ్మానికి అడ్డంగా జరిగాడు. కావాలనే జరిగాడో లేదో నాకిప్పటికీ తెలియదు. "వాడు నీ దుకాణానికి వచ్చిండా? ఎవలు చెప్తే వచ్చిండు?"

నిజం నా నాలుక చివరే ఉంది. ఆమె చెబితేనే వచ్చాడు. ఆ ఒక్క ముక్కను ఇతను ఇంటికి ఎలా మోసుకుపోతాడో తలచుకుని దాన్ని మింగేశాను.

"దినాం ఎంతోమంది వస్తరన్నా. ఎవరొచ్చిండ్రో నాకేం యాదికుంటది?"

అతను "యాదికి లేదు," అని నా మాటనే మెల్లగా అనుకుని, సీసాను మళ్లీ పేపర్లో చుట్టుకుని పోయాడు. ఆమెను కాపాడాననే అనుకున్నాను.

మూడో రోజు ఆమె వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన వస్తే ఏం చెప్పినవక్కా?"

చెప్పాను.

"ఎందుకట్ల చెప్పినవ్? ఎక్స్‌రే అన్న అందరి ముంగట్నే అడిగిండు. దుకాణం ఎక్కడున్నదో నేనే చెప్పిన. ఇంట్ల అడిగితే ఉన్నదున్నట్టు అదే చెప్పిన. ఆయనేమంటుండో తెలుసా? దుకాణపామెకు యాదికే లేదట, మీరిద్దరు కలిసి ఆమెకు నేర్పి పెట్టిండ్రు అంటుండు."

"నీకు మంచిదని..."

"నాకు దాసుకునేది ఏం లేకుండె. నువ్వు దాస్తే నేను దాసినట్టయింది." ఆమె గొంతు పెంచలేదు. "రెండు దినాలాయె, బిడ్డ ముంగట అదే అడుగుడు. రేపు ఆయనను తోలుకొస్త. జరిగింది జరిగినట్టు చెప్పు."

మర్నాడు దుకాణం తీయబుద్ధి కాలేదు. మెట్‌పల్లిలో మా చెల్లె ఇంటికి పోదామనుకున్నాను. బస్సు దాకా పోయి, కండక్టరు ఎక్కమని పిలుస్తుంటే వెనక్కి తిరిగి వచ్చి షట్టర్ ఎత్తాను.

పదకొండు గంటలకు ఇద్దరూ వచ్చారు. అతను మొన్న నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, "చెప్పక్కా," అన్నది.

"వచ్చిండన్నా. ఈమె చెప్తేనే వచ్చిండు. మగోళ్లు కొట్టుకోవచ్చా అని అడిగి కొనుక్కపోయిండు. గంతే."

"మరి మొన్న యాదికి లేదంటివి?"

"అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

ఏదో ఒక సాకు చెప్పొచ్చు. ఆమె నావైపే చూస్తోంది.

"నిన్ను చూస్తే భయమైందన్నా. నువ్వు తిట్టలే, ఒర్రలే. అయినా భయమైంది. నిజం చెప్తే ఇంటికి పోయి ఈమెను ఏం చేస్తవో అనిపించింది."

అతను భార్య వైపు చూశాడు. ఆమె కాదంటుందని అనుకున్నాడేమో.

"నాకు గూడ గట్లనే ఉంటది. దినాం," అన్నది ఆమె.

అతని మొహం రంగు మారింది. కొడతాడేమోనని నేను లేచి నిలబడ్డాను. అతను కొట్టలేదు. మెట్లు దిగి రోడ్డు పక్కన, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పోయొస్త అక్కా," అని వెళ్లి అతనికి నాలుగడుగుల దూరంలో నిలబడింది. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. ఆ రోజంతా నా మనసు దుకాణంలో లేదు.

నెల తిరక్కుండానే ఆమె బిడ్డను తీసుకుని ఆదిలాబాద్‌లో తల్లి దగ్గరికి వెళ్లిపోయిందని, అక్కడే పనిలో చేరిందని తెలిసింది. చెప్పింది ఎక్స్‌రే అతనే. తను ఆ సెంటు మానేశానని కూడా చెప్పాడు.

మొన్నటి చలికాలం చుట్టాల పెండ్లికి ఆదిలాబాద్ పోయినప్పుడు ఆమెను వెతుక్కుంటూ ఆమె పనిచేసే దవాఖానకు వెళ్లాను. పని మధ్యలో బయటికి వచ్చి చాయ్ తాగించింది. స్వెట్టర్ మీద స్పిరిట్ వాసన తప్ప ఇంకేమీ లేదు. సెంటు గురించి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

"ఆయన ఆదివారం వస్తడు, బిడ్డను చూసిపోతడు," అన్నది. "ఇప్పుడు ఏదన్న అడిగే ముందు జర ఆగుతుండు. వాపస్ పోవాల్నా వద్దా, నాకింకా తెలుస్తలేదు."

"నేను అప్పుడే నిజం చెప్పి ఉంటే..."

"చెప్పినా గింతే అయ్యేదేమో అక్కా. నీ మీద నాకు కోపం లేదు. కాని ఇంకెవల తరఫున అట్ల అబద్ధమాడకు."

సరేనన్నాను. లోపల ఎవరో పిలిస్తే ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.