లేని రాళ్ళ దొంగతనం

నిన్న మా మనవడు చేతికి కొత్త వాచీ పెట్టుకుని వచ్చి, అసలుది కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలనీ, ఇది దానికి అచ్చు నకలనీ, చూసినవాళ్ళెవరికీ తేడా తెలియదనీ చెప్పి, అసలుదే కావాలనేవాళ్ళంతా పిచ్చోళ్ళు జేజీ అని నవ్వాడు. నేను అలవాటుకొద్దీ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు, పట్టీ నుంచి రబ్బరు వాసన మాత్రం గుప్పుమంది. ఆ వాసనకు పెట్రోలు గుర్తొచ్చింది, పెట్రోలు వెంట మా నాయన, నాయన వెంట మండీ రంగప్ప. అరవై ఏళ్ళు దాటినా ఆ పేరు తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాయన హుస్సేనప్ప కళ్యాణదుర్గంలో బస్సులు ఆగే చోట ఒక అరుగు మీద గాజుపెట్టె పెట్టుకుని గడియారాలు బాగుచేసేవాడు. బడి విడవగానే నేను అక్కడికే పరిగెత్తేదాన్ని. వాన మొహం చాటేసిన ఏళ్ళలో ఎర్రమట్టి దుమ్ము బస్సుల వెంట లేచి వచ్చి అన్నింటి మీదా కూర్చునేది, వాన పడ్డ ఏళ్ళలో పచ్చి చెనిక్కాయలు ఉడికే వాసన ఊరంతా కమ్ముకునేది, ఏ ఏడాదైనా నాయన చుట్టూ మాత్రం గిన్నెలో చక్రాలు కడిగే పెట్రోలు వాసనే ఉండేది. అరుగు మీద తినకూడదు, గట్టిగా తుమ్మకూడదు. ఇరుగుపొరుగువాళ్ళ గడియారం లోపల ఏం కనబడినా బయట చెప్పకూడదన్నది అన్నిటికంటే పెద్ద నియమం.

ఊళ్ళో చెనిక్కాయల మండీ రంగప్పది. ఆయన ఎడమచేతి చొక్కా ఎప్పుడూ మోచేతి దాకా మడిచి ఉండేది, అక్కడ బంగారు రంగు ఫారిన్ వాచీ ఉండేది కాబట్టి. బొంబాయిలో కొన్నానని, పదిహేడు రాళ్ళదని అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు. వాచీ లోపల సన్నని ఇరుసులు తిరిగేచోట, అరిగిపోకుండా పొదిగే కెంపు తునకలను రాళ్ళంటారు. మంచి వాచీకి అవే పరువు. మండీ దుమ్ము చేరి అది ఆగిపోతే నాయన దగ్గరికి వచ్చింది. నాయన కంటద్దం పెట్టుకుని మూత తీసి చాలాసేపు చూసి, నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. రాళ్ళుండాల్సిన చోట ఇత్తడి మీద ఎర్రరంగు చుక్కలు పెట్టి ఉన్నాయి.

"దొంగ వాచీ కూడా టైము చెప్తాది పాపా. పేరొక్కటే అబద్ధం చెప్తాది" అన్నాడు.

శుభ్రంగా కడిగి, నూనె వేసి, నడిపించి ఇచ్చేశాడు. రంగప్పకు ఒక్క మాట చెప్పలేదు. ఎంతో మురిసిపోయే మనిషిని చిన్నబుచ్చడం ఎందుకని ఆయన అనుకున్నాడు.

కొన్నాళ్ళకు రంగప్ప బెంగుళూరు పోయి అక్కడొక పెద్ద అంగట్లో ఆ వాచీ చూపిస్తే, ఇందులో ఒక్క రాయి కూడా లేదన్నారట. బస్సు దిగి నేరుగా అరుగు దగ్గరికే వచ్చాడు. నిండా జనం ఉన్నారు.

"నా రాళ్ళు తీసుకొని రంగు పూసిస్తావా హుస్సేనూ?"

అది మొదటి నుంచీ అంతేనని నాయన చెప్పాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని నలుగురూ అడిగారు. ఆయన చెప్పింది ఎవరూ నమ్మలేదు. అసలు వాచీ లోపల ఎలా ఉంటుందో చూపిద్దామంటే ఊళ్ళో అలాంటిది ఇంకొకటి లేదు. రంగప్ప కొత్తది కొనుక్కుని, పాతదాన్ని మండీలోనే పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ నాయన దొంగతనం చూపించడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది పీర్ల పండగ వచ్చింది. బెల్లం, కొబ్బరి కలిపి అమ్మ చేసే మలీద వాసన, పీర్ల చావిడి ముందు తవ్విన గుండంలో తుమ్మమొద్దుల సెగ, తప్పెట్ల మోతకు అదిరే గుండెలు, ఇవన్నీ నాకు ప్రాణం. మా జేజినాయన కాలం నుంచీ పెద్దపీరును మా ఇంటివాళ్ళే ఎత్తేవాళ్ళు. ఈసారి చావిడి పెద్దలు వచ్చి, మాట పడిన చెయ్యి పీరును పట్టకూడదని చెప్పారు. పండగ రోజు నాయన జనంలో అందరి వెనకాల నిలబడి మొక్కుకున్నాడు. తొమ్మిదేళ్ళ నేను ఆయన పక్కనే నిలబడి, రంగప్పను అదే గుండంలో తోసెయ్యమని పీరుకు మొక్కుకున్నాను.

పీరు వినలేదు. ఇక నా పని నేనే చేసుకోవాలనుకున్నాను. టెంటు సినిమావాళ్ళ పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి మా వంటింటి గూట్లో ఉండేది. అది సోకితే ఎంత మంచి వాచీకైనా పిచ్చెత్తుతుందని నాయన దాన్ని అరుగు ఛాయలకు రానిచ్చేవాడు కాదు. రంగప్ప కూతురు నా తరగతే. ఒక శనివారం వాళ్ళ వసారాలో గచ్చకాయలాడుతూ, ఆయన తలంటుకు పోగానే, గూట్లో విప్పి పెట్టిన కొత్తవాచీకి అయస్కాంతం ఆనించి, మూడు ఆటలు గెలిచి, మళ్ళీ పావడాలో దోపుకుని వచ్చాను.

వాచీ రోజుకు గంట ముందుకు పరిగెత్తింది. మండీలో అందరూ నవ్వుతున్నారని విని నాకు అన్నం ఎక్కువ సహించింది. వారం తిరక్కుండా రంగప్ప గతిలేక అరుగు దగ్గరికి వచ్చాడు. పాతది కూడా తెచ్చి, పదిమంది ముందు రెండూ విప్పనిస్తేనే ముట్టుకుంటానని నాయన అన్నాడు. ఆ దొంగతనం ఇంకోసారి చూపించవచ్చని రంగప్ప సంతోషంగా తెప్పించాడు.

రెండు వాచీలూ తెల్లగుడ్డ మీద మూతలు తెరుచుకుని పడుకున్నాయి. కంటద్దం చేతులు మారింది. కొత్తదానిలో ఒక్కో రాయీ తన గుంటలో కూర్చుని మెరుస్తోంది. పాతదానిలో ఇరుసులు ఇత్తడి బెజ్జంలోనే బిగుతుగా తిరుగుతున్నాయి. నాయన సూదితో గీకితే ఎర్రచుక్క పొట్టులా రాలింది.

"రాయి పెట్టేదానికి ఇందులో తావే లేదప్పా. లేని రాయిని ఎట్ల తీసుకుంటా?"

రంగప్ప చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. నా జన్మలో అంత తియ్యటి దృశ్యం మళ్ళీ చూడలేదు. అప్పుడే నాయన కొత్తవాచీ ఎందుకు పరిగెడుతోందో చూద్దామని చిన్న దిక్సూచి పక్కన పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది. నాయన దాన్ని చూసి, తలెత్తి నన్ను చూశాడు. ఎక్కిన అయస్కాంతం దిగేలా వాచీని కరెంటు చుట్టలో పెట్టి తీసి, సరిచేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక కొట్టలేదు, తిట్టలేదు.

"ఆ గడియారం ఏం చేసిందమ్మా నిన్ను?" అన్నాడు.

ఆ సాయంత్రమే చావిడి పెద్దలు వచ్చి, తప్పయిందని, వచ్చే పండగకు పెద్దపీరు నువ్వే ఎత్తాలని బతిమాలారు. నేను తలుపు చాటు నుంచి ఎగిరి గంతేయబోయాను. నాయన చేతులు జోడించి, "ఒద్దులేప్పా. మా ఇంట్లో చేతులు ఇప్పుడు శుద్ధంగా లేవు" అన్నాడు. వాళ్ళకు అర్థం కాలేదు. మరుసటి ఏడాదీ అదే చెప్పాడు. ఆ తర్వాత వాళ్ళు అడగడం మానేశారు. పెద్దపీరు వేరే ఇంటికి పోయింది.

ఇప్పుడు ఆ అరుగు లేదు, అక్కడ సెల్‌ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. వాచీ ఆగితే మూత తీసి చూసే మనిషి ఊళ్ళో లేడు, ఆగినదాన్ని పారేస్తున్నారు. నాయన పోయి చాలా కాలమైంది. రంగప్ప అంతకు ముందే పోయాడు. కడసారి చూడటానికి ఊరంతా పోయింది, నాయన కూడా పోయి వచ్చాడు, నేను మాత్రం పోలేదు. తప్పు చేశానని ఈ వయసులోనైనా అనిపించాలని చాలాసార్లు ప్రయత్నించాను. అనిపించడం లేదు. మళ్ళీ ఆ శనివారం వస్తే ఆ అయస్కాంతాన్ని మళ్ళీ అక్కడే పెడతాను. కాకపోతే నాయనకు దొరక్కుండా పెడతాను.