మా పిన్ని ఎదురొచ్చిన సీజన్

మొన్న పంటి డాక్టరు దగ్గర చిగుళ్ళకి సూది పొడిచి, మొద్దుబారేదాకా ఉండమని నన్ను కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి వెళ్ళిపోయారు. పైకప్పుకి బిగించిన టీవీలో ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ వస్తోంది. కోటు వేసుకుని, చిన్న బోర్డు మీద గీతలు గీసి ప్లేయర్లకి ఏదో చెబుతున్న కోచ్‌ని కెమెరా ఒక్క క్షణం దగ్గరగా చూపించింది. నేను గబుక్కున లేవబోయాను. అక్కడి అమ్మాయి కంగారుపడి ఏమైందని అడిగింది. ఆవిడ ఒకప్పుడు మా ఎదురింటి పిల్ల అని చెబుదామనుకున్నాను గానీ, సగం నోటితో ఏం చెప్పగలను.

అప్పట్లో మేం న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్ టవర్‌లో ఉండేవాళ్ళం. పొడుగాటి కారిడార్, రెండు వైపులా తలుపులు, ఆ చివర ఎలివేటర్. సాయంత్రమైతే సగం తలుపుల సందుల్లోంచి పోపు వాసన వచ్చేది. మా ఎదురు ఫ్లాట్‌ని మా ప్రాంతపు మహిళల బాస్కెట్‌బాల్ టీమ్ వాళ్ళు ప్లేయర్ల కోసం సీజన్‌కి అద్దెకి తీసుకునేవారు. ఎండలు మొదలవుతుంటే వచ్చి, ఆకులు రాలే వేళకి వెళ్ళిపోయేవారు. ఆ ఏడు వచ్చిన అమ్మాయితో నిలబడి మాట్లాడితే నాకు మెడ నొప్పి పుట్టేది, అంత పొడుగు. కానీ మ్యాచ్‌లో ఎక్కువసేపు బెంచీ మీదే కూర్చునేది. ఉంచుతారో, మధ్యలోనే పంపేస్తారో తెలియని ఉద్యోగం. హెచ్‌వన్ వీసా మీద బతుకుతున్న మాకు ఆ బెంగ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే వేసవిలో మా పిన్ని వచ్చింది. మా అమ్మకి చెల్లెలు, తెనాలి మనిషి. నా పులుసు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని, "ఇది పులుసా, చెయ్యి కడిగిన నీళ్ళా" అని నా మొహాన్నే అడగగలదు. అంతటి గడుసు మనిషీ, ఇంట్లో ఎవరైనా బయటికి వెళ్తున్నారంటే మాయమైపోయేది. బాబాయి పోయి అప్పటికి ఇరవై ఏళ్ళ పైమాటే. భర్త పోయిన ఆడది ఎదురొస్తే వెళ్ళే పని చెడుతుందని మా వాళ్ళలో ఒక దిక్కుమాలిన నమ్మకం ఉంది కదా. బాబాయి పోయిన కొత్తల్లో ఒక పెళ్ళిలో, పెళ్ళికూతుర్ని తీసుకొస్తుంటే, దగ్గరివాళ్ళే పిన్ని రెక్క పట్టుకుని పక్కకి లాగారట. ఆ తర్వాత ఎవరూ లాగాల్సిన పని లేకుండా తనే తప్పుకుంటూ వచ్చింది. మా ఆయన ఆఫీస్‌కి బయల్దేరితే ఫ్రిజ్ చాటుకి, మా పాప స్కూల్‌కి వెళ్తుంటే బాత్రూమ్‌లోకి. "ఈ దేశంలో అవన్నీ ఎవరు చూస్తారు పిన్నీ" అంటే, "దేశం మారితే రాత మారుతుందటే" అనేది. నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది.

ఒక సాయంత్రం పిన్ని చెత్త పారేసి వస్తుంటే, ఆ అమ్మాయి భుజాన బ్యాగు వేసుకుని మ్యాచ్‌కి బయల్దేరింది. ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. దాక్కుందామంటే కారిడార్‌లో ఫ్రిజ్ ఎక్కడిది. పిన్ని గోడకి అతుక్కుపోయి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని "సిట్, సిట్. వాటర్ డ్రింక్. దెన్ గో" అంది. శకునం బాగాలేకపోతే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరాలి, అప్పుడు దోషం పోతుంది. ఆ పిల్లకి ఇదంతా ఏం తెలుసు. పెద్దావిడ చెప్పింది కదా అని కార్పెట్ మీద చతికిలబడి, సీసా తీసి గటగటా తాగి, థాంక్యూ చెప్పి వెళ్ళింది. నేను తలుపు తీసి చూసేసరికి ఆ పిల్ల సీసాకి మూత పెడుతోంది. ఆ రోజు ఎవరికో కాలు బెణికి ఈ అమ్మాయిని ఆటలోకి దింపారు. వేసిన బంతి వేసినట్టు బుట్టలో పడింది. టీమ్ గెలిచింది.

మళ్ళీ ఇక్కడ మ్యాచ్ ఉన్న రోజు మా తలుపు తట్టింది. ఆంటీ ఉన్నారా, నేను కూర్చుని నీళ్ళు తాగాలి అంది. పిన్ని తెల్లబోయింది. "పిచ్చిపిల్ల, కోరి కోరి నన్ను ఎదురు రమ్మంటుందేమిటే. నా ఎదురు మంచిది కాదని ఉన్నదున్నట్టు చెప్పు. దాని ఉద్యోగానికి ఏమన్నా అయితే ఆ పాపం నాకొద్దు" అంది. చెప్పాను. ఇంగ్లీషులో చెబుతుంటే ఆ మాట మరీ సిగ్గుగా అనిపించింది. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, తను ఎప్పుడూ ఎడమ కాలి సాక్స్ ముందు వేసుకుంటానని, టీమ్‌లో ఒకావిడ మ్యాచ్ రోజు ద్రాక్షపళ్ళు తప్ప తినదని చెప్పింది. ఎవరి నమ్మకం వాళ్ళది, నేను ఆంటీని చూసిన రోజే బాగా ఆడాను, నాకు ఆవిడే కావాలి అంది.

అలా సీజనంతా నడిచింది. ఆ పిల్ల కూర్చుని తాగేది, పిన్ని తల దించుకుని, కొంగు బిగించుకుని గోడవారగా నిలబడేది. తర్వాత వచ్చి టీవీ ముందు కూర్చుని, ఆట అయ్యేదాకా పెదాల్లో ఏవో శ్లోకాలు చదువుకునేది. గెలిస్తే గండం గడిచిందనుకునేది. ఓడితే నా వంక 'చూశావా' అన్నట్టు చూసేది. రిఫరీని మాత్రం అచ్చమైన తెనాలి తెలుగులో తిట్టేది. ఆ అమ్మాయిని పంపేస్తారన్న మాట మెల్లగా సద్దుమణిగింది. పిన్ని మ్యాచ్ రోజున ఇస్త్రీ చీర కట్టుకుని ముందే తయారుగా ఉండసాగింది. అయినా మా ఆయన బయల్దేరితే మళ్ళీ ఫ్రిజ్ చాటే. "ఆ అమ్మాయికేనా, నాకు ఎదురు రారా అత్తయ్యగారూ? నాకూ ఈ వారం రివ్యూ ఉంది" అని ఆయన అలిగాడు కూడా. నవ్వేసి ఊరుకుంది.

ప్లేఆఫ్స్‌కి వెళ్ళాలంటే ఆఖరి మ్యాచ్ గెలిచి తీరాలి. పిన్ని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆట చివర, ఎవరూ అడ్డు రాకుండా నిలబడి వేసే ఫ్రీ త్రోలు రెండు ఆ అమ్మాయికే వచ్చాయి. రెండూ ఇనప కమ్మీకి కొట్టుకుని బయటికొచ్చాయి. ఒక్క పాయింట్ తేడాతో ఓడి, సీజన్ అయిపోయింది. పిన్ని టీవీ కట్టేసి, "చెప్తే విన్నారు కాదు. దాని నోటి దగ్గర కూడు తీసేశాను" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చెత్త పారేయడానికి కూడా గడప దాటలేదు. నేను ఎంత చెప్పినా మాట తప్పించి, పొయ్యి మీద పాలు చూడమనేది.

ఆ వారంలోనే ఆ అమ్మాయి ఖాళీ చేసింది. చలికాలం టర్కీలో ఒక క్లబ్‌కి ఆడాలట. పెట్టెలతో వచ్చి మా తలుపు తట్టింది. పిన్ని బాత్రూమ్‌లోంచి "లేనని చెప్పు" అంది. నేను చెప్పలేదు. ఆ అమ్మాయి కార్పెట్ మీద కూర్చుని సీసా ఒళ్ళో పెట్టుకుంది. కింద క్యాబ్ వచ్చి ఆగిందని ఫోన్ మోగుతోంది.

"పిన్నీ, నువ్వు రాకపోతే నీళ్ళు తాగనంటోంది. ఫ్లైట్ పోతుంది" అన్నాను.

బాత్రూమ్ తలుపు తెరుచుకుంది. పిన్ని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నన్ను చూసి వెళ్ళాకే కదే ఓడిపోయింది. ఇంకా ఎందుకు నేను? అడుగు" అంది.

అడిగాను. ఆ అమ్మాయి నాతో కాదు, పిన్నితోనే చెప్పింది, నెమ్మదిగా, ఒక్కో మాటా ఆపి. "ఐ మిస్డ్. నాట్ యూ, ఆంటీ. ఐ మిస్డ్." దాన్ని నేను తెలుగులోకి మార్చాల్సిన అవసరం లేకపోయింది.

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "డ్రింక్" అంది, ఎప్పటి గొంతుతోనే. ఆ పిల్ల తాగి లేచి పెట్టెలు అందుకుంది. పిన్ని గోడవారకి జరుగుతుందనుకున్నాను. జరగలేదు. "ఆగమను" అని నాతో చెప్పి, కారిడార్ ఆ చివర ఎలివేటర్ దాకా గబగబా నడిచింది. అక్కడ వెనక్కి తిరిగి, చీర సర్దుకుని, తల ఎత్తి, మధ్యలోంచి నడుచుకుంటూ ఆ అమ్మాయికి ఎదురొచ్చింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఇరవై ఏళ్ళుగా అందరి దారిలోంచీ తప్పుకున్న మనిషి మళ్ళీ దారి మధ్యకి రావడానికి, ఎంత కాలం పడుతుందో అనుకునేదాన్ని. ఒక వేసవి చాలింది, అదీ ఓడిపోయిన వేసవి.