మోపు నడుమ వేడి

ఉదయం ఏడుంబావుకు విశాఖ బస్సు జి.మాడుగులలో ఆగింది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుతో ఒక నడివయసు స్త్రీ ఎక్కి నా దగ్గరకు వచ్చింది. పక్క సీటు నిండా నా కాగితాలే.

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఇంధన ఘటాలను పలకల్లా ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఆ దొంతరలో వేడి ఎలా పాకుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం అప్పట్లో నా పరిశోధన. లెక్కలో ఏ ఘటమూ వేడెక్కేది కాదు. ప్రయోగశాలలో మాత్రం వేడికి పాడైపోయేవి.

“ఆ కాగితాలు తీసీ బాబూ, మోపు ఇప్పుతాను. నిన్న తడాకులే కట్టీసినాను, ఉడికిపోతాయి” అంది.

నాకు బద్ధకమేసింది. మోపును పైన ముట్టుకుని, “చల్లగానే ఉంది కదమ్మా. చోడవరం దాకా ఏమీ కాదు” అన్నాను.

“సదువుకున్నోడివి, నువ్వే సెప్తే ఇంకేటి” అని మోపును కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడింది.

చోడవరంలో ఆమె దిగగానే, ఆకులు కొనే అతను మోపు విప్పి, మధ్యవన్నీ నల్లబడ్డాయని వదిలేసి వెళ్లిపోయాడు. ఆమె మోపును నా కిటికీ దాకా ఎత్తి, నా చెయ్యి పట్టుకుని ఆకుల మధ్యలో పెట్టింది. వేడిగా ఉంది.

“అంచు ముట్టుకుని సెప్పీసినావు బాబూ. సెగ నడుమ ఉంటాది.”

బస్సు కదిలింది.

ప్రయోగశాలలో నేను వేడి కొలిచింది కూడా దొంతర అంచున ఉండే చివరి ఘటాన్నే. ఆ అంకెనే లెక్కలో అన్నిటికీ రాశాను. మధ్యవాటిని కొలిచాక లెక్క కుదిరింది. వ్యాసం చివర చాలామందికి కృతజ్ఞతలు చెప్పాను. ఆమె పేరు నేను అడగలేదు.

మా ప్రయోగశాలలో ఇప్పుడు చివరి ఘటం వేడిని మధ్య ఘటాలకు రాయడం లేదు.