సాక్ష్యమున్నదా?

అరవైల చివర్లో మాకు లా చెప్పిన ప్రొఫెసర్ ఏ మాటకైనా కళ్లజోడు తీసి తుడుస్తూ, "సాక్ష్యమున్నదా?" అనేవారు. క్యాంపస్‌కు బస్సు ఆలస్యంగా వచ్చిందన్నా అదే ప్రశ్న.

ఒకరోజు నోట్సు కోసం తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. పనిమనిషి ఏడుస్తోంది.

"సారూ, ఎనక గల్లీ ట్యూషన్ పంతులు నా బిడ్డ మీద చెయ్యేస్తున్నడట. ఎనిమిదేండ్ల పిల్ల."

ఆయన కళ్లజోడు తుడిచారు. "చట్టమైతే ఉన్నదమ్మా. కానీ చిన్నపిల్ల మాటొక్కటే కోర్టుల నిలవదు. ఇంకెవరన్నా చూసిన్రా?"

ఎవరూ చూడలేదు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని అంట్లు తోమడానికి వెళ్లిపోయింది.

అంతలో ఆయన కూతురు పుస్తకాల సంచీతో గుమ్మం దాటబోయింది. ఆ పిల్ల వెళ్లేదీ ఆ పంతులు దగ్గరికే.

"ఇయ్యాల్టి సంది ట్యూషన్ బంద్," అన్నారాయన.

సాక్ష్యం లేకుండా ఆయన నమ్మిన మాట, నాకు తెలిసి, అదొక్కటే.