మా దగ్గర లేనివి

గవర్నర్‌పేటలో మా సందు షాపుల వాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే అందులో దేవుళ్ళు, గుడ్ మార్నింగులు వరసగా వస్తుంటాయి. కిందటి వారం వాటి మధ్యలో బాబాయి ఫోటో వచ్చింది, పూలదండతో. పటమట ఇంట్లో నిద్రలోనే పోయారట.

ఆ ఫోటో నేను తీసిందే. ఆయన షాపు వెబ్‌సైటు కోసం తీశాను. కాస్త నవ్వండి బాబాయ్ అని ఎంత బతిమాలినా నవ్వలేదు. "మోటారు కాలిపోయి ఏడుస్తూ వచ్చేవాడికి నా నవ్వుతో ఏం పనిరా" అన్నారు. ఇప్పుడు ఇంటివాళ్ళకి ఆయన ఒక్కరే ఉన్న మంచి ఫోటో అదొక్కటే దొరికినట్టుంది. ఆ నవ్వని మొహానికే దండ వేశారు.

బాబాయి అంటే చుట్టరికం కాదు. మా ఆఫీసు మెట్ల కిందే ఆయన షాపు. పొలాల్లో నీళ్ళ మోటార్లకి, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకి స్పేర్ పార్టులు అమ్మేవారు. నాది పై అంతస్తులో వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న దుకాణం. పదో తరగతి దాటకుండానే బడి మానేసి, పెళ్ళికార్డులు కంపోజ్ చేస్తూ చేస్తూ ఇందులోకి వచ్చిపడ్డాను. బాబాయి మాత్రం వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా ఇంజనీరు గారండీ. చదువొక్కటే తప్ప అన్నీ వచ్చు" అనేవారు. నేనూ ఊరుకునేవాడిని కాదు. "ఊళ్ళో మోటార్లన్నీ కాలాలని రోజూ దణ్ణం పెట్టుకునేది ఈయనేనండీ" అనేవాడిని.

ఆయన షాపుకి నేను మొదట చేసిన సైటు చాలా గొప్పగా ఉండేది. తెరవగానే పచ్చటి పొలం, దాని మీద గిర్రున తిరిగే పంపు, వెనకాల పిల్లనగ్రోవి. చూపించడానికి కిందికి వెళ్తే, కౌంటరు దగ్గర కలిదిండి వైపు నుంచి వచ్చిన రొయ్యల రైతు ఒకాయన ఉన్నాడు. బాబాయి ఆయన్ని అడిగారు.

"ఏమయ్యా, నీ ఫోన్‌లో మా షాపు తెరిచి, అందులో నంబరు చూసి నాకు ఫోన్ కొట్టు."

ఆ రైతు పైకి జరిపాడు, కిందికి జరిపాడు. పంపు తిరుగుతూనే ఉంది. చివరికి మొహమాటంగా తలెత్తాడు.

"పంపు మాత్రం బానే తిరుగుతోందండి. నంబరేదండి?"

బాబాయి నావైపు చూశారు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

"ఒరేయ్, ఏరేటర్ ఆగిపోతే గాలాడక రొయ్యలు పైకొచ్చి తేలతాయి. ఈయన గట్టు మీద నిలబడి బురద చేత్తో ఫోన్ పట్టుకుంటాడు. అప్పుడు కూర్చుని నీ పిల్లనగ్రోవి వింటాడంటావా?"

అన్నీ తీసేశాను. షాపు పేరు, నొక్కితే ఫోన్ మోగే పెద్ద నంబరు, ఉన్న సరుకు, అంతే మిగిలాయి. అప్పుడాయన ఇంకో పేజీ అడిగారు.

"మా దగ్గర లేనివి అని ఒకటి పెట్టు."

"లేనివి ఎందుకు బాబాయ్, ఉన్నవి చెప్పుకోవాలి గానీ."

"కైకలూరు నుంచి బస్సెక్కి వచ్చి, లేదనిపించుకుని పోవాలా? ఆ ముక్క ఇంటి దగ్గరే తెలిస్తే వేరే చోట వెతుక్కుంటాడుగా."

నాకు ఆటపట్టించడం అలవాటు. "అయితే ఏ షాపులో ఉందో కూడా రాసేద్దాం. వాళ్ళ నంబరు, వాళ్ళ షాపుకి దారి, వాళ్ళబ్బాయి పెళ్ళి ఫోటోలు, అన్నీ పెడదాం" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "పెళ్ళి ఫోటోలొద్దు. మిగతావి పెట్టు" అన్నారు.

మా సందులో ఇదేమీ కొత్త పద్ధతి కాదు. అడిగిన పార్టు లేకపోతే కౌంటరు దిగి వచ్చి, ఎవరి దగ్గర ఉందో వేలు పెట్టి చూపించడం అందరూ చేసేదే. కానీ దాన్ని వెబ్‌సైటులోకి ఎక్కించిన మనిషిని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రోజూ షాపు తెరిచి అగరొత్తులు వెలిగించగానే సందంతా ఒక చుట్టు చుట్టేవారు. ఎవరికి పంపు సీళ్ళు వచ్చాయి, ఎవరికి కెపాసిటర్లు అయిపోయాయి అని అడిగి వచ్చి, మెట్ల కింద నిలబడి కేకేసేవారు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోయేవారు. ఆయన చెప్పింది చెప్పినట్టే టైపు చేయాలి. "ఈ సీలు మా దగ్గర లేదు. పచ్చ బోర్డు షాపులో ఉంది. ఆయన భోజనానికి వెళ్తే కాస్త ఆగండి, మంచివాడే." ఇలా ఉండేవి ఆ పేజీలో మాటలు. ఒకసారి నేను అడుగున సొంతంగా ఒక వాక్యం కలిపాను: ఈ షాపు ఓనరుకి కోపం ఎక్కువ, చిల్లర అడగవద్దు. చాలా రోజుల తర్వాత ఎవరో చూపిస్తే చదువుకుని, "ఉంచు. నిజమేగా" అన్నారు. ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఏ షాపుకి సైటు చేసినా, వచ్చే మనిషి ఏ అవసరంతో వస్తాడో అదే ముందు పెట్టడం నేర్చుకున్నాను. అలా చేస్తే షాపులవాళ్ళకి నచ్చదు. బొమ్మలు కదలాలంటారు, లోగో ఇంకా పెద్దది చేయమంటారు. ఈ మధ్య అదీ పోయింది. "మా మేనల్లుడు ఫోన్‌లోనే చేసేస్తానన్నాడు, నువ్వెందుకు" అంటున్నారు. పోయిన వేసవిలో ఒకరోజు విసుగెత్తి కిందికి దిగి, "ఇదంతా ఎత్తేసి పునుగుల బండి పెట్టుకుంటాను బాబాయ్" అన్నాను.

"పెట్టుకో. నీ బండి మీద పునుగులు అయిపోతే ఎవరి బండి దగ్గరికి పంపాలో ముందే చూసుకో" అన్నారు, తల ఎత్తకుండా.

నిన్న బాబాయి వాళ్ళబ్బాయి నా ఆఫీసుకి వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. షాపు పెద్దకర్మ అయ్యేదాకా తెరవరు.

"అన్నయ్యా, తెరిచేలోపు ఆ పేజీ తీసేయవా? నాన్న ఉండగా అనలేకపోయాను. ఇప్పుడందరూ ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నారు. మిగిలిన నలుగుర్నీ మనమే పక్క షాపులకి తోలేస్తే నేనెలా నడపాలి?"

అతనిది తప్పని అనలేను. ఇల్లు గడవాలి, షాపులో పనివాళ్ళున్నారు. పైగా కస్టమర్ చెప్పింది చేసిపెట్టడం తప్ప నాకింకో పని రాదు. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది ఆ పేజీ. బాబాయి నోటి మాటలు నోట్లోంచి వచ్చినట్టే ఉన్న చోటు అదొక్కటే.

"నాన్నకి చెప్పావా?" అన్నాను. అలవాటు కొద్దీ నోరు జారింది. నేను కంప్యూటరు వైపు తిరిగి పేజీ తెరిచాను.

అంతలో కింద స్కూటరు ఆగిన చప్పుడైంది. ఇద్దరం వరండాలోకి వెళ్ళి తొంగిచూశాం. ఎవరో రైతు. పైకి మడిచిన లుంగీ, పిక్కల మీద ఎండిన బురద, వెనక సీటుకి తాడుతో కట్టిన కాలిన మోటారు. వేసి ఉన్న షట్టర్ ముందు నిలబడి, దాని మీద అంటించిన కాగితం చదివాడు. షట్టర్‌కి ఒకసారి చేతులు జోడించాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, ఆ పేజీనే కాబోలు, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాడు. పక్కన అబ్బాయి రెయిలింగ్ పట్టుకుని అతన్నే చూస్తున్నాడు.

ఆ మనిషి ఫోన్ జేబులో పెట్టుకుని, స్కూటరు స్టార్టు చేయకుండానే తోసుకుంటూ బయల్దేరాడు. పచ్చ బోర్డు షాపుకి తిరగాల్సిన మలుపు దాటి ముందుకు పోతున్నాడు.

"అటు కాదండీ" అన్నాడు అబ్బాయి, రెయిలింగ్ మీద సగం వంగి. "వెనక్కి రండి. ఎడం చేతి వైపు సందు, పచ్చ బోర్డు. మేం పంపామని చెప్పండి."

అతను పైకి చూడలేదు. చెయ్యి మాత్రం ఎత్తి, స్కూటరు వెనక్కి తిప్పుకున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక్కి చెయ్యి చాపి మోటారుని పట్టుకుంటూ, ఆ ఇరుకు సందులోకి తోసుకుపోయాడు.